ఎడమకు తిరిగిన బాణం

రాత్రంతా కురిసిన వాన తెల్లవారకముందే చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. పొద్దు పొడిచేసరికి ఆకాశం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. మిగిలిన నాలుగు మబ్బులూ సరిహద్దు దాటి లిథువేనియా వైపు తీరిగ్గా నడుస్తున్నాయి. వాటి కిందుగా క్రౌంచ పక్షుల బారొకటి గోలగోలగా దక్షిణానికి పోతోంది. ఇంత చక్కని ఆకాశం కింద నేరం చెయ్యడానికి ఎవరికి మనసొప్పిందా అని డిటెక్టివ్ హిపోలిత్ యుర్కున్‌కు కాస్త కోపం కూడా వచ్చింది.

నేరం ఇదీ. గలాదుస్ సరస్సు ఒడ్డు సగం పోలండులో, సగం లిథువేనియాలో ఉంది. దాని చుట్టూ గుట్టలెక్కుతూ దిగుతూ అడవిలోంచి పోయే తారురోడ్డు మీద ఆ శనివారం మొదటిసారి సైకిల్ పందెం పెట్టారు. ఆదివారం అదే దారిలో ఎదురు దిశలో రెండో పందెం. శనివారం పందెంలో ముందున్న పదకొండు మందీ పైన్ అడవిలో దారి రెండుగా చీలే చోటికి వచ్చారు. పసుపురంగు చెక్కబాణం ఎడమకు చూపించింది. తల వంచుకుని ఎడమకు తిరిగారు. అది పాత పడవల రేవుకి దిగే దారి. ఏటవాలు మీద గద్దల్లా దిగిన పదకొండు మందీ రేవు చెక్కల మీద నుంచి ఒకరి వెనక ఒకరు సరస్సులోకి ఎగిరారు.

నీళ్ళు నడుము లోతే. ఒక ముక్కు పగిలింది, రెండు చక్రాలు వంగాయి, పదకొండు మంది పరువు తడిసింది. అంతటితో పోతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. కాని వెనకాల వచ్చిన, పోలండు ఒడ్డున ఉన్న దుంబ్లిష్కి ఊరి కుర్రాళ్ళు బాణం వంక చూడకుండానే కుడికి తిరిగి, మొదటి మూడు స్థానాలూ కొట్టుకుపోయారు. చిక్కంతా అక్కడొచ్చింది.

రాజధాని నుంచి వచ్చిన పెద్ద తీర్పరి ఒతిలియా గారు ఒకే మాట అంది. బాణం ఎవరు తిప్పారో మధ్యాహ్నం రెండు గంటలలోపు తేలాలి. తేలకపోతే బాణం పాతిన పిల్లే తిప్పినట్టు. రేపటి పందెం రద్దు. ఆ పిల్ల మళ్ళీ ఈ రెండు దేశాల్లోనూ పందెం పెట్టడానికి వీల్లేదు.

యుర్కున్ తన బరువు సైకిల్ దిగేసరికి ఆ పిల్ల దారి చీలిక దగ్గర గట్టు మీద కూర్చుని ఉంది. పేరు యోవిత. దుంబ్లిష్కి పిల్లే. ఆమె ముందు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మడత నలగని యూనిఫాంలో నిలబడ్డవాడు సరిహద్దు అవతలి పోలీసు వైదోతస్. నీళ్ళలో పడ్డవాళ్ళలో ఎనిమిది మంది లిథువేనియా పట్నాలవాళ్ళు కావడంతో వాళ్ళ తరఫున వచ్చాడు. అతనూ యుర్కునూ పదేళ్ళుగా ఒకరి కేసుల్లో ఒకరు వేలు పెడుతూనే ఉన్నారు.

"పసుపురంగు నీ గోళ్ళకే ఉంది," అంటున్నాడు వైదోతస్.

"బాణాలకి రంగేసింది నేనే కదండీ. ఇంకెవరి గోళ్ళకుంటుంది, మీ గోళ్ళకా?"

వైదోతస్ తల తిప్పి యుర్కున్‌ను చూశాడు. "వచ్చావా! కేసు ముగించేశాను. నీకు సంతకం పని మిగిల్చాను."

"పెన్ను తేలేదు," అన్నాడు యుర్కున్.

సైకిల్‌ను పైన్ చెట్టుకు ఆనించి, వెళ్ళి యోవిత పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల మాటలు గడుసుగా ఉన్నాయి గాని చేతుల్ని రెండు మోకాళ్ళ మధ్యా దాచుకుంది.

"బాణం ఎప్పుడు పాతావమ్మా?"

"నిన్న సాయంత్రం బాబాయ్. వాన మొదలవకముందే. అదిగో, కుడివైపు ఆ ఇసుక అంచున. వాన ఇంకా వెలవకముందే ఊళ్ళో బయల్దేరే గీత దగ్గరున్నాను. ఊరంతా చూసింది."

"నిన్న సాయంత్రమే ఎడమవైపు పాతేసి ఉంటుంది," అన్నాడు వైదోతస్. "వాళ్ళ కుర్రాళ్ళు గెలవాలని."

"వాళ్ళు గెలవడానికి నేను బాణం తిప్పాలా? వాళ్ళు జన్మలో బాణం చూసినవాళ్ళు కాదండీ! పుట్టినప్పటి నుంచీ ఈ దారినే పోతున్నారు. కళ్ళకి గంతలు కట్టినా కుడికే తిరుగుతారు." యోవిత యుర్కున్ వైపు తిరిగింది. గొంతు మారింది. "మూడేళ్ళు బాబాయ్. ఆ ఒడ్డువాళ్ళతోనా అని మనవాళ్ళన్నారు. ఈ ఒడ్డువాళ్ళతోనా అని వాళ్ళన్నారు. ఇల్లిల్లూ తిరిగి, కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. ఇప్పుడు నేనే మోసం చేశానంటే, రెండు ఒడ్లూ కలిసి ఒప్పుకునే మొదటి మాట ఇదే అవుతుంది."

యుర్కున్ నవ్వాపుకోలేకపోయాడు. ఆ పిల్లకూ నవ్వొచ్చింది. కళ్ళు మాత్రం తడిగానే ఉన్నాయి.

"దారి సంగతి ఎవరెవరికి చెప్పావు?"

"పక్కనున్న ఇళ్ళన్నిటికీ. కుక్కల్ని కట్టేసుకోండి, పందెగాళ్ళకి పెట్టే ఫలహారాల బల్ల దగ్గరికి మీరూ వచ్చి అరటిపళ్ళు తినండి అని. కాని బల్ల చోటు మొన్ననే మార్చాను. ఆ సంగతి మళ్ళీ వెళ్ళి చెప్పింది ఒక్క ఇంటికే. సరిహద్దు రాయి దాటాక మొదటి ఇల్లు. వాళ్ళకి దగ్గర కదా అని."

వైదోతస్ పకపకా నవ్వాడు. "అది మా అమ్మ ఇల్లు. అక్కడ కుక్క లేదు. నన్ను చూస్తే అరిచేది మా అమ్మే."

"బల్ల ఎక్కడికి మార్చావు?" అడిగాడు యుర్కున్.

"ఇక్కడ కుడికి తిరిగాక మొదటి గుట్ట మీద, బిర్చి చెట్ల దగ్గర. నీడ బావుంటుందని."

యుర్కున్ లేచి బాణం దగ్గరకు వెళ్ళాడు. ఎడమదారి పక్కన ఒత్తయిన గడ్డిలో నిటారుగా నిలబడి ఉంది. పాతినవాళ్ళెవరో గాని శ్రద్ధగా పాతారు. గాలికి ఊగకుండా మొదట్లో రాయి కూడా దన్ను పెట్టారు. మోకాళ్ళ మీద వంగి కర్ర అడుగుభాగం చూశాడు. జానెడు ఎత్తు వరకూ ఇసుక చుక్కలు చిమ్మి, ఎండి, అంటుకుని ఉన్నాయి.

"ఇలా రా," అని వైదోతస్‌ను పిలిచాడు. "ఈ గడ్డిలో వాన పడితే ఇసుక చిందుతుందా?"

వైదోతస్ చూశాడు. గోటితో ఒక చుక్క గీకి రాల్చాడు.

"వాన కురిసినంతసేపూ ఈ కర్ర అక్కడ, ఇసుకలో ఉంది. వాన వెలిశాకే ఇక్కడికి వచ్చింది. అప్పటికి యోవిత ఊళ్ళో ఉంది."

"అక్కడ ఉందా? సరే, చూపించు." వైదోతస్ కుడివైపు ఇసుక అంచుకు నడిచి, రెండు చేతులూ నడుముకు పెట్టుకుని నిలబడ్డాడు. "మన అమ్మాయి కర్ర పాతానన్న చోటు ఇదే కదా. గుంత ఏది? డ్రోన్ ఎగరేసి పైనుంచి అంగుళం అంగుళం ఫొటో తీశాను. ఎక్కడా గుంత లేదు. పాతని చోట గుంత ఎలా ఉంటుంది? ఇసుక చుక్కలంటావా, ఆ కర్ర ముందు ఇంకెక్కడో వానలో పడి ఉండొచ్చు."

యోవిత పరుగున వచ్చింది. వంగి వెతికింది. ఇసుక, నాచు తుప్పలు, పైన్ ఆకులు. గుంత లేదు. ఆ పిల్ల ముఖంలో రంగు దిగిపోయింది. "ఇక్కడే బాబాయ్... ఒట్టు, ఇక్కడే పాతాను."

"చెప్పానా!" అన్నాడు వైదోతస్. "కావాలంటే నా పెన్ను తీసుకో."

యుర్కున్ అతని వంక చూడలేదు. నేల వంక చూస్తూ మెల్లగా బోర్లా పడుకున్నాడు. చెంప నేలకు ఆనేంత కిందికి వంగి చూస్తే నాచు తుప్పలన్నీ ఉదయపు వెలుగు వైపు ఒరిగి ఉన్నాయి. అరచేయంత తుప్ప ఒక్కటి మాత్రం అడవి వైపు ఒరిగి ఉంది. రెండు వేళ్ళతో దాన్ని ఎత్తాడు.

కింద నల్లగా, గుండ్రంగా గుంత.

యోవిత కేక వేసి ఎగిరింది. వైదోతస్ నల్లకళ్ళద్దాలు సర్దుకున్నాడు. "సరే. పాతింది. దొంగ జాడ చెరుపుకున్నాడు. ఎవరినో పంపించి ఈ పిల్లే తీయించిందని ఎందుకనుకోకూడదు?"

"జాడ చెరిపేవాడు కాలితో నాలుగాకులు తోసి పోతాడు. ఇది చూడు." యుర్కున్ నాచు తుప్పను మళ్ళీ దాని చోట ఉంచి, పైన అరచేత్తో మెత్తగా తట్టాడు. "బిడ్డకి దుప్పటి కప్పినట్టు కప్పారు. ఇది భయంతో చేసిన పని కాదు, అలవాటు. మనసు ఎక్కడున్నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది."

మళ్ళీ తుప్ప ఎత్తి గుంతలోకి చూపుడువేలు పెట్టాడు. ఊపి పీకిన గుంత నోరు వెడల్పవుతుంది. దీని నోరు నాణెంలా గుండ్రంగా ఉంది. లోపల గోడ చుట్టూ, కర్రకున్న ముడి గీసిన గీత మరమేకు చుట్లలా తిరుగుతూ పైకి వచ్చింది.

"పీకలేదు," అన్నాడు. "తిప్పి తీశారు. తిప్పి తీసి, గుంతని నాచుతో కప్పారు."

యోవిత కళ్ళు పెద్దవయ్యాయి. "పుట్టగొడుగుని తీసినట్టు!" అని, వెంటనే తలూపింది. "కాని బాబాయ్, మనం కోస్తాం కదా?"

"అవును. మనం కోస్తాం," అని యుర్కున్ వైదోతస్ వైపు చూశాడు.

సరస్సుకి ఈ ఒడ్డున పుట్టగొడుగును చాకుతో కాడ దగ్గర కోస్తారు. తిప్పితే వేరు చస్తుందంటారు. ఆ ఒడ్డున చేత్తో పట్టి తిప్పి తీసి, గుంతను నాచుతో కప్పుతారు. కోస్తే మిగిలిన మొదలు కుళ్ళుతుందంటారు. ఈ తగువు మీద రెండు పెళ్ళి సంబంధాలు చెడిపోయాయి. ఒకసారి ఈ ఒడ్డు చర్చిలో కొత్తగా వచ్చిన ఫాదర్ ప్రసంగం మధ్యలో నోరు జారి తిప్పడమే మేలన్నాడు. ఆ ఏడాది కానుకల పళ్ళెంలో బొత్తాలే పడ్డాయి.

వైదోతస్ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వాటితో సరస్సు అవతలికి చూపించి అన్నాడు:

"ఆ ఒడ్డున రెండు వందల ఇళ్ళున్నాయి."

"ఉన్నాయి. బల్ల చోటు మారిందని తెలిసిన ఇల్లు ఒకటే."

"బల్లకీ దీనికీ ఏమిటి సంబంధం?"

"బల్ల ఉన్న చోట నూరు మంది ఆగుతారు. ఆగినవాళ్ళు సీసాలు సీసాలు నీళ్ళు తాగుతారు. తాగినవాళ్ళు ఏం చేస్తారు?"

"చెట్ల చాటుకి వెళ్తారు," అంది యోవిత. తన నోట వచ్చిన మాట తన చెవిన పడగానే చెంపల మీద చేతులు వేసుకుంది. "అయ్యో! రాత్రి వాన పడింది. పొద్దున ఎండ కాసింది. బిర్చి చెట్ల కింద... అసలు గొడుగులు!"

పుట్టగొడుగుల్లో లావు కాడ, గోధుమరంగు టోపీ ఉన్న రకాన్ని ఇక్కడ అసలు గొడుగు అంటారు. తక్కినవన్నీ వీళ్ళ దృష్టిలో నకిలీవే. అవి మొలిచే చోటును కన్నతల్లి కన్నకొడుకుకు కూడా చెప్పదు.

అంతలో చప్పుడైంది. వైదోతస్ పరుగెత్తుకెళ్ళి, అత్యవసరానికని చెట్టుకు ఆనించి ఉంచిన అదనపు పందెం సైకిల్ ఎక్కేశాడు. పోలీసు బూట్లు ఆ చిన్న పెడళ్ళ మీద జారుతున్నాయి.

"ఆ ఒడ్డు నా హద్దు! ముందు నేను మాట్లాడతాను!" అని అరిచాడు.

"ఒడ్డు నీది. దారి సగం నాది," అన్నాడు యుర్కున్. తన సైకిల్ మీదికి కాలు వేస్తూ యోవితతో, "ఒతిలియా గారిని తీసుకుని ఆ ఇంటికి రా. రెండు కాకముందే," అన్నాడు.

మొదటి గుట్ట ఎక్కేటప్పుడు వైదోతస్ మేకపిల్లలా గెంతుకుంటూ పోయాడు. ఆ సైకిల్ బరువు పెద్ద కోడిపుంజంత కూడా ఉండదు. యుర్కున్ సైకిల్ ఇనపది, ముందు దీపమూ వెనక బుట్టా ఉన్నది. దాన్ని తొక్కుతుంటే గుట్ట తనని వెనక్కి లాగుతున్నట్టుంది. ఊపిరి గొంతులో అడ్డం పడింది. గుట్ట తలమీద బిర్చి చెట్లు తెల్లగా మెరుస్తూ ఎదురయ్యాయి. అక్కడ ఫలహారాల బల్ల మీద అరటిపళ్ళు దిక్కులేకుండా పడి ఉన్నాయి. వైదోతస్ మెడ అటూ ఇటూ తిప్పి చెట్ల మొదళ్ళు వెతుక్కుంటూ పోవడం యుర్కున్ వెనక నుంచి చూశాడు. ఇతనికీ చెప్పలేదన్నమాట, అనుకున్నాడు. జాలి వేసింది. నవ్వు కూడా వచ్చింది.

దిగుడు మొదలైంది. ఇప్పుడు ఇనుము పని చేసింది. బ్రేకు మీద చెయ్యి వెయ్యకుండా యుర్కున్ రాయిలా దూసుకొచ్చాడు. గాలికి చొక్కా ఉబ్బింది. చెట్ల సందుల్లోంచి సరస్సు ఒక్కసారి తళుక్కుమంది, దాక్కుంది, మళ్ళీ తళుక్కుమంది. నలభై ఏడేళ్ళ మనిషికి పదేళ్ళప్పటి కేక ఒకటి గొంతులోంచి ఊడిపడింది.

"తప్పుకో, పోలీసూ!"

"పోలీసుకే దారిమ్మంటావా! చలానా రాస్తా!"

"పెన్ను నీ దగ్గరుందిగా, రాయి!"

రెండో గుట్ట మీద వైదోతస్ ముందు. దిగుడులో యుర్కున్ ముందు. మూడో గుట్ట సగంలో ఇద్దరికీ ఊపిరి అయిపోయింది. సైకిళ్ళు దిగి పక్కపక్కనే నెట్టుకుంటూ, ఒకరినొకరు చూడకుండా ఎక్కారు. సరిహద్దు రాయి పక్కనుంచి పోతున్నా ఇద్దరూ దాన్ని గమనించలేదు. దిగుడు చివర నీలం రంగు కిటికీల ఇంటి ముంగిట్లోకి రెండు సైకిళ్ళూ ఒకేసారి వచ్చి పడ్డాయి.

ముంగిట్లో ఒకావిడ రబ్బరు బూట్లకు అంటిన పైన్ ఆకుల్ని పుల్లతో గీకుతోంది. పేరు జెనొవైతె. రెండు ఒడ్లవాళ్ళూ జెనె అత్త అంటారు.

"ఇద్దరు పోలీసులు, రెండు సైకిళ్ళు," అంది తలెత్తి. "ఇద్దరికీ కలిపి ఒక్క ఊపిరి కూడా లేదు. లోపలికి రండి, మజ్జిగిస్తాను."

"అమ్మా," అన్నాడు వైదోతస్ రొప్పుతూ. "నువ్వేం మాట్లాడకు."

"పెళ్ళైన నాటి నుంచీ మీ నాన్న అదే మాటన్నాడు. విన్నానా?"

వంటింట్లో పొయ్యి మీద పెద్ద మూకుడు మూత పెట్టి ఉంది. ఉల్లిపాయలు, వెన్న, సోయికూర వాసన. వాటన్నిటి కింద ఇంకో వాసన, వాన తర్వాత అడవి నేల వాసన. యుర్కున్ మజ్జిగ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"జెనె అత్తా, పొద్దున దారి చీలిక దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"అమ్మా!"

"ఊరుకోరా. బాణం తిప్పింది నేనే. అడిగితే పొద్దున్నే చెప్పేదాన్ని, ఎవరూ అడగందే!" ఆవిడ ఏప్రాన్‌తో చేతులు తుడుచుకుంది. "ఆ పిల్ల నూరుమందిని గుట్ట మీద నిలబెడతానంటే, వద్దనలేక పళ్ళు బిగబట్టుకుని సరే అన్నాను. రాత్రి నిద్రుంటేనా! రేవు దగ్గరైతే ఏం? నీడ ఉంది, నీళ్ళున్నాయి, కూర్చోడానికి చెక్కలున్నాయి. హాయిగా అక్కడికి పోయి తింటారనుకున్నా."

"బల్ల అక్కడ లేదుగా అత్తా."

"మనుషులు అక్కడికెళ్తే బల్ల తనే వెనకాల వస్తుందనుకున్నా. సైకిళ్ళంటే సైకిళ్ళలా వస్తారనుకున్నా గాని, గద్దల్లా దిగుతారని నాకేం తెలుసు? నేను సైకిలెక్కితే కోడి కూడా నన్ను దాటి పోతుంది." గొంతు తగ్గించింది. "ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"ఒకడి ముక్కు."

"పెద్ద ముక్కేనా?"

"ఇప్పుడు పెద్దదే."

ఆవిడ నవ్వబోయి ఆపుకుని, శిలువ గుర్తు వేసుకుంది. వైదోతస్ గోడకు జారగిలబడి పైకప్పు చూస్తున్నాడు. పొద్దుటి నుంచీ ఊరంతా వెతికిన దొంగ, చిన్నప్పుడు తన చొక్కా బొత్తాలు పెట్టిన మనిషి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వైదోతస్ పట్టుకున్నాడు, అదే అతని బాధ.

"ఒతిలియా గారు వస్తున్నారు," అన్నాడు యుర్కున్. "ఆవిడ ముందు ఇదే చెప్పు. ఎందుకు తిప్పావో కూడా చెప్పాలి."

జెనె అత్త ముఖం తలుపు వేసుకున్నట్టయింది. "తిప్పానని చెప్తాను. ఎందుకో చెప్పను. జైల్లో పెట్టుకో."

బయట మోటారుసైకిల్ ఆగింది. నడుపుతున్నది యోవిత. వెనకాల ఒతిలియా గారు, పొడుగాటి మనిషి, ముద్దాయి నడుమును రెండు చేతులా కావలించుకుని కళ్ళు మూసుకుని ఉంది. దిగాక జుట్టు సర్దుకుని, గంభీరంగా వంటింట్లోకి వచ్చింది. యుర్కున్ నాలుగు ముక్కల్లో జరిగింది చెప్పాడు.

"ఎందుకు తిప్పారు?" అడిగింది ఒతిలియా గారు.

జెనె అత్త మూకుడు మూత సర్దింది.

"చూడండమ్మా. కారణం చెప్పకుండా తప్పు ఒప్పుకుంటే, ఈ పిల్లను కాపాడ్డానికి ఒప్పుకుంటున్నారనుకుంటాను. రేపు అందరూ అదే అనుకుంటారు. పందెం ఆగిపోతుంది. పిల్ల మీద మచ్చ అలాగే ఉంటుంది. కారణం కావాలి. అది నిజమని నా కళ్ళతో చూడాలి కూడా."

"కళ్ళతో చూడాలంటే..." జెనె అత్త యోవిత వంక చూసింది.

"చెప్పొద్దు అత్తా," అంది యోవిత.

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు.

"చెప్పొద్దు. అది నోటితో చెప్పే మాట కాదు. నాకు తెలుసు. మా నాయనమ్మ పోయేటప్పుడు కూడా చెప్పలేదు, ఆవిడ చోటు ఇప్పటికీ మాకు దొరకలేదు." నవ్వడానికి ప్రయత్నించింది. "పందెమేముంది, ఇంకో మూడేళ్ళు తిరుగుతాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడో."

ఒతిలియా గారికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. యుర్కున్ కిటికీ వైపు చూశాడు. మాట్లాడాల్సిన మనిషి తను కాదని తెలుసు.

జెనె అత్త చాలాసేపు ఆ పిల్లనే చూసింది. తర్వాత ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"మా తాత అడవి అది," అంది. "సరిహద్దు గీత గీసినప్పుడు ఇల్లు ఇటు పడింది, అడవి అటు పడింది. మధ్యన ముళ్ళ తీగ. వానలు పడ్డాక ఎండ కాసిన రోజున మా అమ్మ నన్ను ఇంటి పక్క గుట్ట ఎక్కించి, తీగ మీంచి వేలు పెట్టి చూపించేది. అదిగో ఆ మూడో బిర్చి వెనక, ఇవాళ లేచి ఉంటాయే, అనేది. ఒక్కసారీ తీగ దాటలేదు. దాటకుండానే పోయింది. తీగ పీకేసిన ఏడు నేను వెళ్ళాను. మూడో బిర్చి వెనక, నిజంగానే, సైన్యంలా నిలబడి ఉన్నాయి." ఊపిరి పీల్చుకుంది. "అసలు గొడుగులమ్మా. గుట్ట మీద, మూడో బిర్చి వెనక, పల్లం దాకా. అందుకే తిప్పాను. ఇప్పుడు మీరు చూడొచ్చు."

మాట బయటపడ్డాక వంటిల్లు ఖాళీ అయినట్టనిపించింది.

"నాకు చెప్పలేదు," అన్నాడు వైదోతస్ చిన్నగా.

"నువ్వు పోలీసువిరా. పోలీసుకి గుట్టు చెప్తారా ఎవరైనా?"

ఒతిలియా గారు నోరు తెరిచేలోగా ముంగిట్లో సైకిళ్ళ గొలుసుల చప్పుడు, నవ్వులు వినిపించాయి. పదకొండు మంది, బురద ఎండి తెల్లబడ్డ కాళ్ళతో గుమ్మం దగ్గర గుంపు కట్టారు. పందెం పోయినా దారి పోదుగా అని, సరదాగా తొక్కుకుంటూ మిగతా చుట్టు పూర్తి చేస్తున్నారు. ముందున్నవాడి ముక్కు మీద దూది ఉంది. రెండు చేతుల్లోనూ హెల్మెట్ పట్టుకున్నాడు. అందులో గోధుమరంగు టోపీలు నిండుగా, ఒకదాని మీద ఒకటి. వెనకాలవాళ్ళ హెల్మెట్లు కూడా అలాగే ఉన్నాయి.

"అమ్మా, ఇవి తినొచ్చా?" అన్నాడు ముక్కువాడు. "గుట్ట మీద ఫలహారాల దగ్గర ఆగాం. నేను కాస్త చెట్ల చాటుకి వెళ్ళాను. అక్కడో బిర్చి వెనక..."

"మూడో బిర్చి," అంది ఒతిలియా గారు.

"అవును! మీకెలా తెలుసు?"

ఒతిలియా గారు హెల్మెట్‌లోకి చూసింది. జెనె అత్తను చూసింది. తన పెదవులు ఎంత గట్టిగా బిగించినా గాంభీర్యం నిలవలేదు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటపడింది. "సాక్ష్యం చాలు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఈ పిల్ల తప్పు లేదు. రేపు తొమ్మిదికి పందెం. బల్ల మాత్రం రేవు దగ్గర పెట్టు తల్లీ."

యోవిత ఎవరిని కావలించుకోవాలో తెలియక దగ్గర్లో ఉన్న వైదోతస్‌ను కావలించుకుంది. అతను రెండు చేతులూ గాల్లో పెట్టి నిలబడిపోయాడు.

వెనకాల ఒకడు ఫోను ఎత్తి హెల్మెట్‌కి ఫొటో తీయబోతుండటం యుర్కున్ చూశాడు. గోడకున్న బుట్ట అందుకున్నాడు. "ఫోన్లు ఇందులో వెయ్యండి. దర్యాప్తు."

"ఏ చట్టం కింద?"

"రెండు దేశాల చట్టం కింద," అన్నాడు వైదోతస్, బుట్టకు రెండో చెవి పట్టుకుంటూ. ఇద్దరూ వరసలో నడుస్తూ ఫోన్లు పోగు చేశారు. పదేళ్ళలో ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అది.

ఆఖరివాడు, పాలబుగ్గల కుర్రాడు, ఫోను ఇవ్వకుండా చెవులు ఎర్రబడగా నిలబడ్డాడు.

"నేను... గుట్ట మీదే పంపేశానండీ. చోటు గుర్తుతో సహా."

"ఎవరికి?" అడిగాడు యుర్కున్.

"రేపు పందెంలో ఉన్నవాళ్ళందరికీ."

వైదోతస్ తల్లి వైపు చూడలేక నేల చూశాడు. జెనె అత్త గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది. పొయ్యి మీద మూకుడు మెల్లగా చిటపటమంటోంది.

తర్వాత ఆవిడ గరిటె దింపింది. హెల్మెట్లన్నీ ఒక్కొక్కటే అందుకుని గొడుగుల్ని నీళ్ళ తొట్టిలోకి వొంపింది. ఉడికిన బంగాళాదుంపల గిన్నె బల్ల మధ్యన పెట్టింది. మూకుడు మూత తీసింది. మీగడలో వేగిన గొడుగుల ఆవిరి ఇల్లంతా కమ్ముకుంది. ఆ పాలబుగ్గల కుర్రాడిని భుజం పట్టి బల్ల మొదట్లో కూర్చోబెట్టి, అందరికంటే ముందు అతని పళ్ళెంలోనే వడ్డించింది. నిండుగా వడ్డించి, "ఇక దాచేదేముంది, తిను," అంటూ ఇంకో గరిటె కూడా వేసింది.

కుర్చీలు చాలక కొందరు గడప మీద, కొందరు కట్టెల పెట్టె మీద, ఇద్దరు పోలీసులూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. రొట్టె చేతులు మారింది. అందరూ మూకుడు అడుగు కనిపించేదాకా తిన్నారు.